పనికి అడ్డుపడే ఐటీ నిబంధనలు: మినహాయింపు సాధించే పద్ధతి

“మీ అభ్యర్థన విధానానుసారం తిరస్కరించబడినది.” పెద్ద సంస్థల్లో పనిచేసేవారిలో ఐటీ విభాగానికి అభ్యర్థనగా పెట్టి, ఈ వాక్యంతో మూతపడిన టికెట్‌ను చూడనివారు తక్కువ. అవసరమైన సాఫ్ట్‌వేర్ ఎక్కించుకుందామంటే యంత్రంలో ఏ మార్పైనా చేయగల అడ్మిన్ హక్కులు ఉండవు. చదవవలసిన పేజీని, ఇంటర్నెట్ రాకపోకలను వడపోసే ప్రాక్సీ ఆపేస్తుంది. క్లయింటు పంపిన ఎక్సెల్ ఫైలులో మ్యాక్రో (ఫైలు లోపలే ఉండే చిన్న ప్రోగ్రాం) నడవదు. పొద్దున్నే ల్యాప్‌టాప్ తెరిస్తే పాస్‌వర్డ్ గడువు తీరిందంటుంది. పని ఆగిపోతుంది గానీ, పని అప్పగించాల్సిన తేదీ మాత్రం ఆగదు.

ఆ వాక్యాన్ని మరోసారి చదవండి. అందులో కర్త లేడు. తిరస్కరించినది ఎవరో, ఏ ప్రమాదాన్ని దృష్టిలో పెట్టుకొని తిరస్కరించారో ఎక్కడా లేదు. టికెట్ మూసిన హెల్ప్‌డెస్క్ ఉద్యోగికి సైతం అది చాలాసార్లు తెలియదు. పనికి అడ్డుపడే నిబంధనలు ఏళ్ల తరబడి అలాగే నిలిచి ఉండటానికి నేను చూసినంతలో ప్రధాన కారణం ఇదే: నిబంధనను మార్చగల వ్యక్తికి దాని వల్ల జరిగే నష్టం తెలియదు, నష్టపోతున్న వ్యక్తికి దాన్ని మార్చగలవారు ఎవరో తెలియదు. కింద చెప్పబోయే మెట్లన్నీ ఈ ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టడానికే. నిబంధనను చాటుగా దాటే చిట్కాలు ఇందులో ఉండవు. ఎందుకు ఉండవో ఆరో మెట్టులో వివరించాను.

మొదటి మెట్టు: అడ్డు ఎక్కడ పడుతోందో కచ్చితంగా కనిపెట్టండి

“ఐటీ వాళ్లు బ్లాక్ చేశారు” అన్నది ఫిర్యాదే తప్ప సమాచారం కాదు. ఒక ప్రోగ్రాం నడవకపోవడానికి కారణం ప్రాక్సీ కావచ్చు, ఫైర్‌వాల్ కావచ్చు, యాంటీవైరస్ కావచ్చు, ఏ ప్రోగ్రాములు నడవవచ్చో నిర్ణయించే జాబితా కావచ్చు, లేదా మీ ఖాతా ఉండవలసిన గ్రూపులో లేకపోవడం కావచ్చు. వీటిలో ఒక్కొక్కదాన్నీ ఒక్కో బృందం చూసుకుంటుంది. తప్పు బృందానికి చేరిన టికెట్ వారం రోజులు తిరిగి తిరిగి మళ్లీ మీ దగ్గరికే వస్తుంది.

వెబ్‌సైటు ఆగితే, ఆపిన పేజీని అప్పటికప్పుడు స్క్రీన్‌షాట్ తీసుకోండి. చాలా ప్రాక్సీలు ఆ పేజీలోనే సైటును ఏ వర్గం కింద లెక్కగట్టాయో, ఏ నిబంధన వర్తించిందో చూపిస్తాయి. “వర్గీకరించబడలేదు” అనో, “కొత్తగా నమోదైన డొమైన్” అనో ఉంటే ఆ సైటు మీద ఎవరికీ ప్రత్యేకమైన అభ్యంతరం లేదని అర్థం. యంత్రం దాన్ని ఇంకా ఏ గూటిలోనూ వేయలేదు, అంతే. ఇలాంటి సందర్భంలో మినహాయింపు అడగనక్కరలేదు, వర్గీకరణ సరిచేయమని కోరితే చాలు. జీస్కేలర్, పాలో ఆల్టో, ఫోర్టినెట్ వంటి తయారీదారులు సైట్ల వర్గాన్ని పరిశీలించే, మార్పు కోరే పేజీలను అందరికీ అందుబాటులో ఉంచారు.

విండోస్‌లో ప్రోగ్రాం ఆగితే యంత్రంలో జరిగినవాటి చిట్టా (లాగ్) చూపే ఈవెంట్ వ్యూయర్ తెరిచి చూడండి. ఏ ప్రోగ్రాములు నడవవచ్చో నిర్ణయించే విండోస్ ఏర్పాట్లలో యాప్‌లాకర్ ఒక ప్రోగ్రామును ఆపినప్పుడు 8004 సంఖ్యతోనూ, యాప్ కంట్రోల్ ఆపినప్పుడు 3077 సంఖ్యతోనూ నమోదు చేస్తుంది. ఏ ఫైలును ఆపిందో కూడా అందులో ఉంటుంది. మీ యంత్రానికి, మీ ఖాతాకు ఏయే గ్రూప్ పాలసీలు (ఐటీ విభాగం అన్ని యంత్రాలకూ ఒకేచోటి నుంచి పంపే అమరికలు) వర్తిస్తున్నాయో జీపీరిజల్ట్ (gpresult) అనే ఆదేశం నివేదికగా ఇస్తుంది. ఇవి చూడటానికి కూడా అనుమతి లేని యంత్రాలు ఉంటాయి. అప్పుడు సమయాన్ని నిమిషాలతో సహా రాసుకొని, ఆ సమయానికి లాగ్‌లో ఏముందో చూడమని అడగండి.

ఇక్కడ ఒక ఉదాహరణను కాస్త దగ్గరగా చూడటం అవసరం, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ బృందాల్లో అత్యధికంగా సమయం తినేసే చిక్కుల్లో ఇదొకటి. ఒక సైటు బ్రౌజర్‌లో చక్కగా తెరుచుకుంటుంది; అదే సైటు నుంచి గిట్‌తోనో, పైథాన్ పిప్‌తోనో, ఎన్‌పీఎంతోనో (ప్రోగ్రామర్లు కోడ్ దించుకోవడానికి వాడే పనిముట్లు) ఏదైనా దించుకోబోతే “గొలుసులో సెల్ఫ్ సైన్డ్ సర్టిఫికెట్ ఉంది” అన్న అర్థం వచ్చే లోపం చూపించి ఆగిపోతుంది. సైటు బ్లాక్ అయిందని టికెట్ పెడతారు, హెల్ప్‌డెస్క్ వారు బ్రౌజర్‌లో తెరిచి చూసి, పనిచేస్తోందని మూసేస్తారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. జరుగుతున్నదేమిటంటే, సంస్థ ప్రాక్సీ గుప్తీకరించిన రాకపోకలను మధ్యలో విప్పి, పరీక్షించి, తన సొంత సర్టిఫికెట్‌తో (సైటు గుర్తింపును ధ్రువీకరించే డిజిటల్ పత్రం) మళ్లీ మూసి పంపుతుంది. ఆ సర్టిఫికెట్‌ను నమ్మమని ఐటీ విభాగం ఆపరేటింగ్ సిస్టంకు చెప్పింది కాబట్టి బ్రౌజర్ నమ్ముతుంది. పైన చెప్పిన పనిముట్లలో చాలావాటికి మాత్రం నమ్మదగిన సర్టిఫికెట్ల జాబితా విడిగా ఉంటుంది, అందులో సంస్థ సర్టిఫికెట్ ఉండదు. ఇందులో ఎవరూ విధించిన నిషేధం లేదు. సంస్థ రూట్ సర్టిఫికెట్ ఫైలును ఐటీ విభాగం నుంచి తీసుకొని, దాన్ని నమ్మమని ఆయా పనిముట్ల సెట్టింగుల్లో చెబితే సమస్య తీరుతుంది. సర్టిఫికెట్ పరిశీలననే పూర్తిగా ఆపేయమని ఇచ్చే సలహా మాత్రం పాటించకండి. అది తాళం సరిగా పట్టడం లేదని తలుపే ఊడబీకడంతో సమానం.

నా అంచనాలో “పాలసీ” పేరు మీద నడిచే బాధల్లో గణనీయమైన భాగం ఇలాంటివే. అవి నిర్ణయాలు కావు, అమరికలో దొర్లిన లోపాలు. వాటి మీద వాదించి ప్రయోజనం లేదు, మరమ్మతు అడగాలి.

రెండో మెట్టు: నిబంధన వెనుక ఉన్న భయం ఏమిటో తెలుసుకోండి

అడ్డు నిజంగా నిబంధన వల్లే పడుతోందని తేలిన తరువాత, దాన్ని ఎందుకు పెట్టారో తెలుసుకోకుండా ఒక్క వాక్యం కూడా రాయకండి. నిబంధనలు సాధారణంగా మూడు చోట్ల నుంచి వస్తాయి: చట్టం, ఒప్పందం, ఆడిట్ వంటి బయటి ఒత్తిడి నుంచి; ఎప్పుడో తగిలిన దెబ్బ నుంచి; లేదా అలవాటు నుంచి.

దెబ్బ నుంచి వచ్చినవాటిని గౌరవించాలి. అప్‌డేట్ వచ్చి పని మధ్యలో యంత్రం రీస్టార్ట్ అయినప్పుడు విసుగు సహజమే. కానీ 2017 మే 12న ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నక్రై వైరస్ ఆసుపత్రులను, కర్మాగారాలను స్తంభింపజేసినప్పుడు, అది ఉపయోగించుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ అప్పటికి రెండు నెలల ముందే, మార్చి 14న, సవరణ విడుదల చేసి ఉంది. ఆ సవరణ ఎక్కని యంత్రాలే దెబ్బతిన్నాయి. ఆ రోజులు చూసిన భద్రతా అధికారిని “అప్‌డేట్లు నా ఇష్టం వచ్చినప్పుడు వేసుకుంటాను” అని ఒప్పించడం కుదరదు. “పని వేళల తరువాత, ఫలానా గంటల మధ్య రీస్టార్ట్ అయ్యేలా అమర్చండి” అంటే ఒప్పించవచ్చు. మ్యాక్రోల సంగతీ ఇంతే. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్లలోని మ్యాక్రోలను, ఎవరూ ప్రత్యేకంగా అమర్చకపోయినా, ఆపేయాలని మైక్రోసాఫ్ట్ 2022లో నిర్ణయించింది. వాటి ద్వారా వైరస్‌లు చొరబడటం అంతగా పెరిగింది. మీ క్లయింటు ఫైలు మంచిదే కావచ్చు, కానీ అది ఇంటర్నెట్ నుంచి వచ్చిందన్న గుర్తును విండోస్ ఆ ఫైలుకు తగిలించి ఉంచుతుంది. ఆ ఫైలు తరచూ వచ్చేదైతే మ్యాక్రోకు డిజిటల్ సంతకం చేయించడమో, నమ్మదగిన ఫోల్డరును ఐటీ విభాగం చేత నిర్ణయింపజేయడమో సరైన దారి.

అలవాటు నుంచి వచ్చినవి వేరు. వీటికి మంచి ఉదాహరణ పాస్‌వర్డును తరచూ మార్చాలన్న నిబంధన. పెద్దక్షరం, అంకె, ప్రత్యేక చిహ్నం ఉండాలని, పాస్‌వర్డును క్రమం తప్పకుండా మార్చాలని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కోసం 2003లో మార్గదర్శకాలు రాసిన బిల్ బర్, ఆ సలహాల్లో చాలావాటికి విచారిస్తున్నానని 2017లో స్వయంగా చెప్పారు. అదే ఏడాది నిస్ట్ తన మార్గదర్శకాలను మార్చి, పాస్‌వర్డ్ బయటపడిందన్న ఆధారం ఉంటే తప్ప ఊరికే మార్పించవద్దని సూచించింది. 2019లో మైక్రోసాఫ్ట్ తన విండోస్ భద్రతా ప్రమాణాల నుంచి గడువు నిబంధనను తొలగించింది. ఉత్తర కరొలైనా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనం కారణాన్ని బాగా చూపుతుంది: పాత పాస్‌వర్డ్ తెలిస్తే 17 శాతం ఖాతాల్లో కొత్తదాన్ని ఐదు ప్రయత్నాల లోపే ఊహించగలిగారు. మార్చమన్నప్పుడల్లా మనుషులు చివరి అంకెను ఒకటి పెంచుతారు. ఆ రహస్యం దొంగకూ తెలుసు.

అయినా మీ సంస్థలో ఆ నిబంధన ఉంటే అది బయటి ఒత్తిడి వల్ల కావచ్చు. కార్డు చెల్లింపుల సమాచారాన్ని నిర్వహించే సంస్థలకు వర్తించే పీసీఐ డీఎస్ఎస్ ప్రమాణంలో 90 రోజుల ప్రస్తావన ఇప్పటికీ ఉంది. అయితే 2022లో వచ్చిన నాలుగో కూర్పు దాన్ని పాస్‌వర్డ్ ఒక్కటే ఆధారంగా లోపలికి రానిచ్చే చోట్లకు పరిమితం చేసింది. అక్కడ కూడా ఖాతా భద్రతా స్థితిని ఎప్పటికప్పుడు విశ్లేషించే ప్రత్యామ్నాయాన్ని ఇచ్చింది. లాగిన్‌లో ఫోన్‌కు వచ్చే ధ్రువీకరణ కూడా ఉన్నప్పుడు ఆ నిబంధన వర్తిస్తుందా అన్న ప్రశ్న వేయవచ్చు. ప్రమాణం పేరు చెప్పి అడిగిన ప్రశ్నకు విలువ ఎక్కువ, ఎందుకంటే జవాబు చెప్పేవారు ఆ ప్రమాణాన్ని ఒకసారి తెరిచి చదవవలసి వస్తుంది.

కారణం తెలుసుకోవడానికి సూటిగా అడగడమే ఉత్తమం. “ఇది ఎందుకు పెట్టారు?” అంటే నిలదీసినట్టుంటుంది. “ఇది ఏ ప్రమాదం నుంచి మనల్ని కాపాడుతోంది? తెలిస్తే దానికి ఇబ్బంది లేని దారి వెతుకుతాను” అని అడిగితే మీరు తమ పక్షానే ఉన్నారని ఎదుటివారికి అర్థమవుతుంది.

మూడో మెట్టు: నష్టాన్ని కొలవండి

“చాలా ఇబ్బందిగా ఉంది” అన్న మాటను ఏ కమిటీ పట్టించుకోదు. రెండు వారాల పాటు ఒక నోట్‌బుక్‌లో తేదీ, ఆగిన పని, ఆగిన నిమిషాలు, ఎలా గట్టెక్కారో రాయండి. తరువాత లెక్క వేయండి. 20 మంది ఉన్న బృందంలో ఒక్కొక్కరికి రోజుకు 12 నిమిషాలు పోతున్నాయనుకుందాం. ఏడాదికి 220 పని దినాలకు అది 880 గంటలు. పన్నెండు నిమిషాలంటే ఎవరికీ పట్టదు, 880 గంటలంటే ఒక ఉద్యోగి దాదాపు అర్ధ సంవత్సరం శ్రమ.

మా బృందంలో ఒకసారి ప్రోగ్రామును కంపైల్ చేసి ప్యాకేజీగా తయారుచేయడానికి 14 నిమిషాలు పట్టేది. ప్రాజెక్టు పెరిగింది కాబట్టి అంతే పడుతుందని అందరం సరిపెట్టుకున్నాం. ఒక సహోద్యోగి యాంటీవైరస్ మీద అనుమానపడి, ఐటీ విభాగం అనుమతితో పరీక్ష కోసం విడిగా పెట్టిన యంత్రంలో, ఆ ఫోల్డరును రియల్ టైం స్కానింగ్ నుంచి తప్పించి అదే పనిని ఐదుసార్లు, తప్పించకుండా ఐదుసార్లు చేసి చూశారు. తప్పించినప్పుడు 5 నిమిషాలకు కొంచెం అటూ ఇటూ పట్టింది. వేల సంఖ్యలో చిన్న చిన్న ఫైళ్లను తెరిచి మూసే పనిలో, తెరిచిన ప్రతిసారీ యాంటీవైరస్ అడ్డుపడి పరీక్షిస్తోంది. అప్పటిదాకా రెండుసార్లు తిరస్కారానికి గురైన మా అభ్యర్థన, ఆ పది కొలతల పట్టికను జతచేసిన తరువాత చర్చకు వచ్చింది.

కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త: అంకెలను పెంచకండి. టీ తాగడానికి వెళ్లిన సమయం కూడా ప్రాక్సీ ఖాతాలో వేశారని ఒక్కసారి తేలితే, తరువాత చూపే నిజమైన లెక్కను కూడా ఎవరూ నమ్మరు.

నాలుగో మెట్టు: అడగవలసినదాన్ని కుదించండి

ఈ మెట్టు దగ్గరే ఎక్కువ అభ్యర్థనలు ఓడిపోతాయి. మనకు కావలసింది ఒక సాఫ్ట్‌వేర్, మనం అడిగేది పూర్తి అడ్మిన్ హక్కులు. ఎదుటివారికి ఆ రెంటి మధ్య తేడా చాలా పెద్దది. అడ్మిన్ హక్కులున్న ఖాతాలో వైరస్ జొరబడితే ఆ యంత్రమంతా దాని చేతిలోకి వెళుతుంది. అక్కడి నుంచి నెట్‌వర్క్‌లోకి పాకే వీలు పెరుగుతుంది. అందుకే ఆ కోరికకు “కాదు” అన్న జవాబు నోటి చివరనే ఉంటుంది.

కోరికను నాలుగు వైపుల నుంచి తగ్గించవచ్చు. మనిషి: బృందానికంతా కాక ఇద్దరికి. వస్తువు: అన్ని ప్రోగ్రాములకు కాక ఫలానా తయారీదారు సంతకం చేసిన ఫలానా ప్రోగ్రాముకు. చోటు: అన్ని యంత్రాల్లో కాక ఒక వర్చువల్ డెస్క్‌టాప్‌లోనో, నెట్‌వర్క్ నుంచి వేరు చేసిన పరీక్షా యంత్రంలోనో. కాలం: శాశ్వతంగా కాక 90 రోజులకు. నాలుగూ ఒకేసారి తగ్గించనక్కరలేదు. రెండు తగ్గినా అభ్యర్థన రూపమే మారిపోతుంది.

ఐటీ విభాగం దగ్గర ఇప్పటికే ఉన్న ఏర్పాట్లను కూడా ముందుగా వాకబు చేయండి. కంపెనీ పోర్టల్ వంటి చోట అనుమతి పొందిన సాఫ్ట్‌వేర్ జాబితా ఉంటుంది. మీకు కావలసింది వేరే పేరుతో అక్కడే ఉండవచ్చు. అవసరమైన కొద్ది నిమిషాలకు మాత్రమే అడ్మిన్ హక్కులిచ్చి, కారణం నమోదు చేసుకొని, తిరిగి తీసేసుకునే సాధనాలు ఇప్పుడు విండోస్‌కూ మ్యాక్‌కూ ఉన్నాయి. ఎస్ఏపీ సంస్థ మ్యాక్ కోసం తయారుచేసిన ప్రివిలేజెస్ అనే ఉచిత సాధనం అలాంటిదే. పైన చెప్పిన యాంటీవైరస్ చిక్కుకు కూడా మధ్యేమార్గం ఉంది: విండోస్ 11లో ప్రోగ్రామర్ల కోసం 2023లో వచ్చిన డెవ్ డ్రైవ్‌లో, ఫైలు తెరవడాన్ని ఆపకుండా, తెరిచిన తరువాత పరీక్షించే పద్ధతిని విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్ అనుసరిస్తుంది. స్కానింగ్ మానేయమని అడగడం కన్నా దాని సమయం మార్చమని అడగడం ఒప్పించడానికి తేలిక.

ఐదో మెట్టు: టికెట్‌ను నిర్ణయం తీసుకోదగినట్టుగా రాయండి

టికెట్ చదివేవారికి మీ పని తెలియదు, మీ మీద కోపమూ లేదు, ఆ రోజు వారి ముందు అలాంటివి యాభై ఉన్నాయి. చదివిన వెంటనే అవునో కాదో చెప్పగలిగేలా, మళ్లీ వివరాలు అడగనక్కరలేకుండా రాయాలి. ఒక నమూనా:

“విషయం: నివేదికల బృందంలో ఇద్దరికి, 90 రోజుల పాటు, డేటాబేస్ పోలిక సాధనం వాడుకోవడానికి అనుమతి.
జరుగుతున్నది: సాధనం తెరవగానే ఆగిపోతోంది. ఈవెంట్ లాగ్‌లో యాప్‌లాకర్ 8004 నమోదైంది; స్క్రీన్‌షాట్ జతపరిచాను.
నష్టం: పోలికను ప్రస్తుతం చేతితో చేస్తున్నాం. నెలాఖరున ఇద్దరికి కలిపి 22 గంటలు పడుతోంది. రెండు నెలల లెక్క జతపరిచాను.
ప్రయత్నించినవి: పోర్టల్‌లో ఉన్న సాధనం మా డేటాబేస్ రకానికి పనిచేయదు.
ప్రమాదం, జాగ్రత్త: సాధనానికి తయారీదారు సంతకం ఉంది. చదివే హక్కు మాత్రమే ఉన్న ఖాతాతో, పరీక్షా డేటాబేస్ మీదనే వాడతాం. ఇంటర్నెట్ అనుసంధానం అవసరం లేదు.
కోరుతున్నది: పై ఇద్దరి యంత్రాల్లో ఈ ఒక్క ప్రోగ్రాముకు అనుమతి. 90 రోజుల తరువాత సమీక్షకు మేమే గుర్తుచేస్తాం.
కుదరకపోతే: తిరస్కరిస్తున్న అధికారి పేరు, కారణం, మీరు సూచించే ప్రత్యామ్నాయం తెలియజేయగలరు.”

ప్రమాదం గురించి మీరే రాయడం చాలామందికి మింగుడుపడదు. మన కోరికలో లోపాన్ని మనమే ఎత్తిచూపడం దేనికంటారు. కానీ భద్రతా బృందం ఎలాగూ దాన్ని వెతుకుతుంది. మీరే ముందు రాస్తే, దానికి తగిన జాగ్రత్తను కూడా మీ మాటల్లో, మీ పనికి అనువుగా చెప్పుకునే అవకాశం మీకు దక్కుతుంది. చివరి వాక్యం మర్యాదగా ఉన్నా బరువైనది: అది కర్త లేని జవాబును కష్టతరం చేస్తుంది.

ఆరో మెట్టు: జవాబు వచ్చేలోగా పక్కదారి పట్టకండి

ఎదురుచూపులు ఎంతకాలమైనా సాగవచ్చు. ఈలోగా ఫైలును సొంత మెయిల్‌కు పంపుకోవడం, ఫోన్ హాట్‌స్పాట్‌కు మారిపోవడం, అనుమతులున్న సహోద్యోగి లాగిన్ అరువు తెచ్చుకోవడం, సంస్థ కోడ్‌ను ఏదో ఏఐ సేవలో అతికించి జవాబు రాబట్టడం చాలా తేలికగా కనిపిస్తాయి. అవి పట్టుబడటానికి కూడా తేలికే. ఉద్యోగులు అనుమతి లేని మెసేజింగ్ యాప్‌లలో వ్యాపార సంభాషణలు జరిపి, వాటి రికార్డు ఉంచనందుకు అమెరికా సెక్యూరిటీస్ నియంత్రణ సంస్థ 2022 సెప్టెంబరులో 16 ఆర్థిక సంస్థల మీద విధించిన జరిమానాల మొత్తం 110 కోట్ల డాలర్లు దాటింది. 2023లో శాంసంగ్ ఉద్యోగులు అంతర్గత కోడ్‌ను చాట్‌జీపీటీలో పెట్టినట్టు బయటపడిన తరువాత ఆ సంస్థ అలాంటి సాధనాల వాడకాన్నే నిలిపివేసింది. ఒకరిద్దరి పక్కదారి వల్ల మిగిలినవారందరికీ ఉన్న దారి కూడా మూసుకుపోవడం ఇలాగే జరుగుతుంది.

ఇంతకన్నా పెద్ద కారణం మరొకటి ఉంది. చాటుగా పని కానిచ్చేస్తే, నష్టం లెక్కలోకే రాదు. పై అధికారి దృష్టిలో నిబంధన అమల్లో ఉంది, పనీ సకాలంలో అవుతోంది. ఇక దాన్ని మార్చవలసిన అవసరం ఎవరికి? రాత్రిళ్లు కూర్చొని, సొంత ల్యాప్‌టాప్ వాడి, సంస్థకు మేలు చేస్తున్నామనుకునే ఉద్యోగి నిజానికి ఆ నిబంధనకు ఆయుష్షు పోస్తున్నాడు.

చేయదగినది ఇది. ఆగిన పని వల్ల ఏ తేదీ జారుతుందో మేనేజరుకు మెయిల్‌లో తెలపండి: “ఈ అనుమతి 15వ తేదీ లోపు రాకపోతే నివేదిక 20కి బదులు 27న ఇవ్వగలను.” ఫిర్యాదు వద్దు, తేదీలు చాలు. ఆ మెయిల్ చదివాక అది మీ ఒక్కరి సమస్య కాదు.

ఏడో మెట్టు: కర్తను చేరుకోండి

హెల్ప్‌డెస్క్ తిరస్కరించిందంటే సంస్థ తిరస్కరించినట్టు కాదు. వారికి ఇచ్చిన పట్టికలో మీ కోరిక లేదు, అంతవరకే. వారితో గొడవపడటం అన్యాయమే కాదు, తెలివితక్కువ కూడా. రేపు మీ టికెట్‌ను సరైన బల్ల మీదికి చేర్చేది వారే. “మినహాయింపులు పరిశీలించే పద్ధతి ఏమిటి? ఎవరు సంతకం చేస్తారు?” అని మాత్రం అడగండి. చాలా సంస్థల్లో మినహాయింపు పత్రం ఒకటి ఉంటుంది, దాని ఉనికి గురించి ఉద్యోగులకు ఎవరూ చెప్పరు.

మీ సంస్థకు సమాచార భద్రతా ప్రమాణమైన ఐఎస్ఓ 27001 ధ్రువపత్రం ఉంటే మీకు గట్టి ఆధారం ఉన్నట్టే. ఆ ప్రమాణం ప్రకారం గుర్తించిన ప్రతి ప్రమాదానికి ఒక యజమాని ఉండాలి. ప్రమాదాన్ని ఎలా ఎదుర్కోవాలన్న ప్రణాళికకు, జాగ్రత్తలన్నీ తీసుకున్నాక కూడా మిగిలే ప్రమాదాన్ని అంగీకరించడానికి ఆ యజమాని ఆమోదం అవసరం. అంటే “పాలసీ ఒప్పుకోదు” అన్న వాక్యానికి కర్త ఉండి తీరాలని ప్రమాణమే చెబుతోంది. “ఈ ప్రమాదానికి యజమాని ఎవరో తెలుపగలరా?” అన్న ప్రశ్న మర్యాదగా వేస్తే, సమాచార భద్రతా విభాగంలో ఎవరో ఒకరు పుస్తకం తెరిచి చూడక తప్పదు.

పేరు తెలిశాక మెయిళ్ల మీద మెయిళ్లు పంపకండి, పది మందిని కాపీలో పెట్టకండి. పావుగంట సమయం అడిగి, మీ లెక్కల పట్టికతో, వీలైతే ఆగిపోయే దృశ్యాన్ని కళ్లముందే చూపించగలిగే ల్యాప్‌టాప్‌తో వెళ్లండి. పై స్థాయి భద్రతా అధికారుల్లో చాలామంది తాము సంతకం చేసిన నిబంధన ఒక మామూలు ఉద్యోగి యంత్రంలో ఎలా ప్రవర్తిస్తుందో ఎన్నడూ చూసి ఉండరు. ఇదే ఇబ్బంది మరో రెండు విభాగాలకు ఉంటే వారి లెక్కలను కూడా చేర్చండి, కానీ గుంపుగా వెళ్లకండి. అది చర్చగా కాక ధర్నాగా కనిపిస్తుంది.

కొన్నిసార్లు జవాబు అప్పటికీ “కాదు” అనే ఉంటుంది, కొన్నిసార్లు అది సరైన జవాబే. వినియోగదారుల వ్యక్తిగత సమాచారం ఉన్న యంత్రంలో యూఎస్‌బీ డ్రైవ్ వాడకూడదనడంలో నాకు ఏ తప్పూ కనబడదు. అలాంటప్పుడు కారణాన్ని, మళ్లీ ఎప్పుడు సమీక్షిస్తారో ఆ తేదీని రాతపూర్వకంగా తీసుకొని, ఇకపై పని అంచనాలు వేసేటప్పుడు ఆ ఆలస్యాన్ని ఒక విడి పద్దుగా చూపండి. “భద్రతా అనుమతుల నిరీక్షణ: 3 రోజులు” అన్న పంక్తి ప్రతి ప్రాజెక్టు ప్రణాళికలోనూ కనిపిస్తుంటే, దాని గురించి అడిగే పని మీది కాదు, ప్రాజెక్టుకు డబ్బు పెట్టేవారిది అవుతుంది.

ఎనిమిదో మెట్టు: వచ్చిన అనుమతిని నిలబెట్టుకోండి

మినహాయింపు దొరికిన రోజునే దాని గడువు తేదీకి 15 రోజుల ముందు క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. గడువు తీరిన మినహాయింపు ముందస్తు హెచ్చరిక లేకుండా, సాధారణంగా నెలాఖరు పనుల మధ్యలో, మాయమవుతుంది. ల్యాప్‌టాప్ మారినప్పుడు, విభాగం మారినప్పుడు అది మీ వెంట రాదు కాబట్టి టికెట్ సంఖ్యను, ఆమోదించినవారి పేరును, వర్తించిన అమరికను బృందం వికీలో రాసి ఉంచండి. మీ తరువాత చేరేవారు ఇదంతా మొదటి నుంచి మొదలుపెట్టకుండా ఆ పేజీ కాపాడుతుంది.

గడువు లోపల నష్టాన్ని మళ్లీ కొలవండి. 22 గంటల పని 3 గంటలకు తగ్గిందా? మినహాయింపు వల్ల ఏదైనా భద్రతా సంఘటన జరిగిందా? ఆ రెండు జవాబులను అడగకముందే, నాలుగు వాక్యాల్లో, సంతకం చేసిన అధికారికి పంపండి. తన సంతకం ఫలితం ఏమైందో తిరిగి చెప్పేవారు వారికి అరుదుగా తారసపడతారు, పొడిగింపు అడిగినప్పుడు ఆ మెయిల్ గుర్తుంటుంది. సాధనం అవసరం తీరిపోతే గడువు దాకా ఆగకుండా మీరే మినహాయింపును వెనక్కి ఇచ్చేయండి. మా యాంటీవైరస్ అభ్యర్థన మూడో ప్రయత్నంలో ఆమోదం పొందడానికి, అంతకు ముందు ఏడాది వాడని రెండు లైసెన్సులను, ఒక అడ్మిన్ ఖాతాను మేము స్వయంగా తిరిగి అప్పగించి ఉండటం కూడా కొంత తోడ్పడిందని తరువాత తెలిసింది.